నీళ్లు ఆపే చెయ్యి

జనవరి నెల, ఉదయం ఏడున్నర. కిటికీ అవతల ఇంకా తెల్లారలేదు. మిన్నియాపోలిస్ శివారులో ఆ పూట ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉంది. మా పిన్ని కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, కిటికీ పక్కనున్న కరివేపాకు కుండీ అంచుని రెండు చేతులతో పట్టుకుని ఓ పక్కకి కాస్త ఎత్తింది. క్షణం సేపు అలాగే ఉంచి మెల్లగా దింపేసింది. పక్కనే చెంబు నిండా నీళ్లున్నాయి. వాటి జోలికి పోలేదు.

"పొయ్యవా పిన్నీ?"

"ఇంకా బరువుందిరా. ఆదివారం చూద్దాం."

అక్కడున్న పది రోజుల్లో ఆవిడ ఆ కుండీని ఎత్తి దింపడం ఎనిమిదిసార్లు చూశాను. నీళ్లు పొయ్యడం ఒక్కసారే చూశాను. మొక్కలంటే నీళ్లు పొయ్యడమే పనని పుట్టుకతో నమ్మే ఊరివాణ్ణి కాబట్టి, ఆ ఎత్తి దింపడంలోనే అసలు పనితనముందని తెలుసుకోవడానికి నాకు కొంచెం టైము పట్టింది.

మా ఊరు హనుమాన్ జంక్షన్. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారిని గుడివాడ నుంచి నూజివీడు వెళ్లే రోడ్డు అక్కడ దాటుతుంది. నాలుగు దిక్కులకీ బస్సులు మారే చోటు గనక జంక్షన్ అన్నారు, ఆంజనేయస్వామి గుడి ఉంది గనక హనుమాన్ అన్నారు. రోడ్లే కాదు, నేలలు కూడా అక్కడే మారతాయి. గుడివాడ వైపు దిగితే డెల్టా నల్లరేగడి, కాలవలు, వరి. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారంటే ఊళ్లకి ఊళ్లు తడుస్తాయి. నూజివీడు వైపు ఎక్కితే ఎర్రనేల, మామిడితోటలు, బావులు, బోర్లు. మా తాతయ్యకి కిందవైపు కాస్త మాగాణి, పైవైపు కాస్త మామిడి ఉండేవి. పిన్ని ఆ రెండు నేలల మధ్య పెరిగింది. పెళ్లయ్యాక మరో నేలకి వెళ్లింది. అక్కడ ఏటా నెలల తరబడి నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది.

అమెరికా వ్యవసాయ శాఖవాళ్ల చలి పటం ఒకటుంది. 1960లో మొదటిసారి అచ్చువేశారు, 2023లో కొత్తది వచ్చింది. ఒక్కోచోట ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి ఎంత చల్లగా ఉంటుందో ముప్ఫై ఏళ్ల సగటు తీసి, దేశాన్ని 13 మండలాలుగా విడగొట్టారు. అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. మిన్నియాపోలిస్ అయిదో మండలంలో ఉంది. అంటే చలికాలంలో ఏదో ఒక రాత్రి సున్నాకి 26 నుంచి 29 డిగ్రీల కిందకి దిగుతుందని లెక్క. మన డెల్టాని ఆ పటం మీద పెడితే 12 చుట్టుపక్కల ఎక్కడో పడుతుంది. ఈ రెండు అంకెల మధ్య దూరాన్నే పిన్ని పాతికేళ్లుగా కుండీల్లో మోస్తోంది.

అయితే చలి అసలు శత్రువు కాదంటుంది పిన్ని. చలికి ఇల్లుంది, ఇంట్లో హీటరుంది. చంపేవి మిగతా మూడు. మొదటిది వెలుతురు. డిసెంబరులో మన జంక్షన్‌లో పగలు పదకొండు గంటలకి తగ్గదు. అక్కడ తొమ్మిది గంటలు కూడా ఉండదు, ఆ ఉన్న కాసేపైనా సూర్యుడు ఆకాశం అంచునే నడుస్తాడు. రెండోది హీటరు గాలి. అప్పడం తేమ లేకుండా దాచుకోవడానికి బాగుంటుంది గానీ ఆకుకి కాదు. మూడోది ప్రేమ. అంటే నీళ్లు.

ఆవిడ మొదటి కరివేపాకు ఆ మూడోదానితోనే పోయింది. వెళ్లిన తొలి చలికాలం, ఆకులు పసుపుబారి రాలుతుంటే దాహమనుకుని రోజూ చెంబుడు పోసింది. వెలుతురు లేనప్పుడు ఆకు పని చెయ్యదు. ఆకు పని చెయ్యకపోతే వేరు నీళ్లు లాగదు. లాగని నీళ్లు కుండీలో నిలిచి వేరుకి ఊపిరాడనివ్వవు. ఫిబ్రవరిలో మొక్క పెళ్లగిస్తే వేళ్లు నల్లగా మెత్తబడి చేతికి అంటుకున్నాయట. "డెల్టా చెయ్యిరా అది, పొయ్యడం తప్ప ఏం తెలుసు?" అని ఇప్పటికీ నవ్వుతుంది.

ఇప్పుడున్నది రెండోది. వయసు పదహారేళ్లు, ఎత్తు నా భుజం దాకా. అదే ఊళ్లో ఉన్న మరో తెలుగింట్లో చెట్టు మొదట్లో లేచిన పిలకని వేరుతో సహా విడదీసి తెచ్చుకుంది. గింజతో కూడా పెంచవచ్చు గానీ కరివేపాకు గింజకి ఓపిక లేదు. నల్లగా పండిన కాయని కోసి, గుజ్జు కడిగి, వెంటనే నాటాలి. ఎండబెట్టి దాచుకుంటే కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. ఇక మన ఊరినుంచి రెమ్మో మొక్కో పెట్టెలో పెట్టుకెళ్దామంటే కుదరదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. అందులో చాదస్తమేమీ లేదు. నిమ్మ, బత్తాయి తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకి మోసే చిన్న పురుగుకి కరివేపాకంటే మహా ఇష్టం. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబంలోదే. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనిపించింది, 2005లో తెగులు బయటపడింది, ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు కోలుకోలేదు.

కరివేపాకు శాస్త్రీయ నామంలో ఒక చలిదేశపు మనిషి ఉన్నాడు. 1771లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు బెర్గెరా కోనిగి. మధ్యలో ముర్రయా అని మార్చారు, ఈమధ్య మళ్లీ మొదటి పేరుకే వచ్చారు. ఆ కోనిగ్ ఇప్పటి లాత్వియా ప్రాంతంలో పుట్టి, లిన్నేయస్ దగ్గర చదువుకుని, వైద్యుడిగా తరంగంబాడి వచ్చాడు. తీరం పొడుగునా మొక్కలు సేకరిస్తూ తిరిగి 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. మంచుదేశం నుంచి వచ్చినవాడు గోదావరి మూల కన్నుమూస్తే, అతని పేరు తగిలించుకున్న మొక్క ఇప్పుడు మంచుదేశాల కిటికీల్లో కూచుంది. ఆ కాలంలోనే సామర్లకోటలో మరో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీనికి తలకిందుల పని చేశాడు. ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి మన ఎండలో బతికించాలని తోట వేశాడు. పరాయి నేల మొక్కని పెంచాలన్న యావ ఏ ఒక్క జాతిదీ కాదు.

ఇక పిన్ని పనితనానికి వస్తాను.

ముందు కుండీ. మొక్క ఎదిగిందని ఒకేసారి పెద్ద కుండీలోకి మార్చదు. రెండంగుళాలు పెద్దదాంట్లోకే మారుస్తుంది. వేరు చేరని మట్టిలో నీళ్లు చేరి కూచుంటాయి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మట్టి కూడా మన పెరటి మట్టి కాదు. పైన్ చెట్టు బెరడు ముక్కలు, పీట్, పెర్లైట్ కలిపిన గుల్ల మిశ్రమం. పెర్లైటంటే తెల్లగా పేలిన రాతి గుళికలు. ఆవిడ వాటిని మరమరాలంటుంది. పైనుంచి పోసిన నీళ్లు అర నిమిషంలో కింద చిల్లులోంచి కారాలి. కారకపోతే మరో రెండు గుప్పిళ్లు మరమరాలు పడతాయి.

తర్వాత కోత. కరివేపాకుని వేళ్లతో ఆకులుగా దూయడం ఆ ఇంట్లో నేరం. కత్తెరతో, కొమ్మ కొసనుంచి, ఒక కణుపు పైన కొయ్యాలి. కొసని తీస్తే కింది కణుపుల్లోంచి రెండు మూడు చిగుళ్లు లేస్తాయి. అంటే పోపులోకి కావలసిన నాలుగు రెబ్బలు కోసుకోవడమే కత్తిరింపు కూడా. పదహారేళ్లుగా రోజూ వంట చేస్తూ ఆవిడ ఆ చెట్టుని చెక్కుతూనే ఉంది. అందుకే అది మన పెరళ్లలోలాగా వెదురుబొంగులా పైకి పోకుండా, మోకాలి ఎత్తునుంచే గుబురుగా గొడుగు పట్టింది. పూమొగ్గ కనబడితే గిల్లేస్తుంది. కాయల మీదకి పోయే బలం ఆకులో మిగలాలి. కూరలో కరివేపాకుని ఏరి పక్కన పెట్టడం మనకి అలవాటు. పిన్ని ఇంట్లో పిల్లలు కూడా నమిలి మింగుతారు. ఆ రెబ్బ వెనక ఎంత పని ఉందో వాళ్లకి తెలుసు.

నీళ్లు పోసే రోజు వచ్చినప్పుడు ఏ నీళ్లు పొయ్యాలన్నదీ లెక్కే. ఆ ప్రాంతంలో భూగర్భజలం సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. అవే పోస్తూ పోతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య ఆకు పసుపుగా తిరుగుతుంది. మన ఊళ్లో దానికి పుల్లమజ్జిగ మందు. పిన్ని కూడా ఎండాకాలం, కుండీ బయటున్నప్పుడు, పల్చటి పుల్లమజ్జిగ పోస్తుంది. చలికాలం ఇంట్లో పోస్తే వాసన, పైగా దోమల్లాంటి చిన్న పురుగులు లేస్తాయి. అందుకని అప్పుడు పెరట్లోంచి ఒక బకెట్ మంచు తెచ్చి కరిగిస్తుంది. రోడ్డు పక్కది కాదు, దాంట్లో మంచు కరగడానికి చల్లిన ఉప్పుంటుంది. పెరటి మధ్యలో ఎవరూ తొక్కని మంచు. కరిగితే వాన నీళ్లే, సున్నం ఉండదు. రాత్రంతా వంటింట్లో ఉంచి, గది వెచ్చదనానికి వచ్చాక పోస్తుంది. మంచు నీళ్లు తాగి బతికే కరివేపాకుని చూడాలంటే ఆ ఇంటికే వెళ్లాలి.

సెప్టెంబరు నడుమ రాత్రులు 10 డిగ్రీలకి దిగాయంటే కుండీలు లోపలికి వస్తాయి. వచ్చేముందు ఒక్కో మొక్కకీ తలంటే. గొట్టంతో ఆకుల అడుగు వైపు నీళ్లు కొట్టి, కాండానికి అతుక్కున్న పొలుసు పురుగుని పాత పళ్లబ్రష్షుతో రుద్ది, వేపనూనె నీళ్లు చల్లుతుంది. ఇంట్లోకి ఒక్క ఎర్రనల్లి వచ్చినా, ఆ పొడిగాలిలో నెల తిరక్కుండా ఆకులన్నీ బూజు పట్టినట్టు అయిపోతాయి. మే చివర మళ్లీ బయటికి. బయటికంటే సరాసరి ఎండలోకి కాదు. ఎనిమిది నెలలు కిటికీ వెలుతురులో ఉన్న ఆకు ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా కాలిపోతుంది. మొదటి మూడు రోజులు ఇంటి నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో గంట, ఆపైన రెండు గంటలు, ఇలా పది రోజులు పడుతుంది. బాలింతని మెల్లగా పనిలోకి దింపినట్టు.

ఇంతంత బరువులు ఎలా తిప్పుతోందా అంటే, ప్రతి కుండీ కిందా చక్రాల పీట ఉంది. అది చూస్తే నాకు ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ గుర్తొచ్చింది. 1684, 86 మధ్య పద్నాలుగో లూయీ కోసం అక్కడ కట్టిన నారింజ శాలలో నేటికీ వెయ్యికి పైగా చెట్లున్నాయి. అన్నీ చెక్కపెట్టెల్లోనే ఉంటాయి. అక్టోబరులో లోపలికి, మే నెలలో బయటికి తోసుకెళ్తారు. దళసరి గోడలు, దక్షిణానికి పెద్ద కిటికీలు, అంతే. ఆ పెట్టెల పక్కలు ఊడదీసి వేళ్లు చూసుకునే వీలు కూడా ఉంటుంది. రాజుకి తోటమాలుల దండు ఉండేది. ఇక్కడ పిన్ని ఉంది, మంచంమీంచి లేచి సాయం పట్టడానికి బాబాయి ఉన్నాడు.

ఆవిడ తెలివి నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది చిక్కుడు దగ్గర. అక్కడి తెలుగువాళ్లందరి ఫిర్యాదూ ఒకటే. చిక్కుడు పాదు వేస్తే కంచె మీదంతా పాకి అడవవుతుంది, వేసవంతా ఒక్క పువ్వు పుయ్యదు. సెప్టెంబరులో పూతకొస్తుంది, పిందె పడేలోగా అక్టోబరు మంచు మాడ్చేస్తుంది. ఎరువు తక్కువా, నేల మంచిది కాదా అని తల బద్దలుకొట్టుకుంటారు. కారణం నేలలో లేదు, ఆకాశంలో ఉంది. మన పాత చిక్కుడు రకాలు పగలు పొట్టి అయితేనే పూస్తాయి. మన ఊళ్లో జూన్‌లో కూడా పగలు పదమూడు గంటలే. మిన్నియాపోలిస్‌లో పదిహేనున్నర గంటలు. ఆ వెలుతురు చూసి మొక్క ఇంకా చాలా కాలముందనుకుని ఆకులు వేస్తూనే ఉంటుంది.

గోంగూరదీ ఇదే స్వభావం, కానీ అక్కడ అది వరం. మనకి గోంగూర పూతకొచ్చిందంటే ఆకు ముదిరినట్టే. అక్కడ సెప్టెంబరు దాకా పూత మాటే ఎత్తదు గనక వేసవి మొత్తం లేతాకు కోసుకోవడమే పని. ఒకే గుణం ఒక మొక్కలో లాభం, ఇంకోదాంట్లో నష్టం. పిన్ని రెండూ పక్కపక్కనే చూసి, చిక్కుడు గుట్టు పట్టుకుంది. చిన్న కుండీలో చిక్కుడు వేసి, చుట్టూ గూడులా కర్రలు పాతి, తీగని దాంట్లోనే చుట్టింది. జూలై చివరనుంచి రోజూ సాయంత్రం ఆరింటికి చక్రాల పీటతో కారు షెడ్డులోకి తోసి తలుపు వేసేది. పొద్దున ఎనిమిదింటికి బయటికి తీసేది. బయట ఎండ కాస్తుండగానే చిక్కుడుకి రాత్రైపోయేది. అలా మూడు నాలుగు వారాలు. ఆగస్టు చివర్లో మొగ్గ కనిపించింది, మంచు పడకముందే కూరకి సరిపడా కాయలొచ్చాయి.

ఈ రహస్యాన్ని మొదట పట్టుకున్నవాళ్లు గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు. వేసవిలో ఎంతకీ పుయ్యని ఒక పొగాకు రకం వాళ్లని వేధించింది. 1918 జూలైలో కుక్కగూడు లాంటి చీకటి కొట్టం కట్టి, కుండీల్ని మధ్యాహ్నం దాంట్లోకి తోసి, పొద్దున తీశారు. పగటి పొడుగే పూతని శాసిస్తోందని 1920లో ప్రకటించారు. నేను ఆ కథ చెబితే పిన్ని, "మరి వాళ్లకి కారు షెడ్డు లేదన్నమాట" అంది.

మల్లె, మునగ, అరటి. ఈ మూడింటికీ కలిపి ఒకటే విద్య, నిద్రపుచ్చడం. మునగ ఒక్క వేసవిలో మనిషెత్తు దాటుతుంది. అక్టోబరులో దాన్ని మోకాలి దాకా నరికి, ఆకు లేని మొద్దుని కుండీతో సహా బేస్‌మెంట్‌లో ఓ చల్లటి చీకటి మూల పెట్టేస్తుంది. ఏప్రిల్ దాకా దాదాపు చుక్క నీళ్లు ఉండవు. చూస్తే ఎండు కట్టె. గోటితో గీకితే లోపల పచ్చదనం. అరటి జపాన్ పేరుతో పిలిచే బాస్జూ రకం, చలికి బాగా ఓర్చేది. కాయ తినడానికి పనికిరాదు గానీ ఆకు మన ఆకే. వరలక్ష్మీ వ్రతానికి ముత్తయిదువలందరికీ ఆ ఆకుల్లోనే భోజనం. తర్వాత ఆకులు నరికి, దుంపతో తవ్వి, అదీ బేస్‌మెంట్‌లోకే.

మల్లె మాత్రం మెలకువ నిద్రలో ఉంటుంది. వేడి తక్కువ పెట్టిన గదిలో, 12, 13 డిగ్రీల దగ్గర, వారానికి ఓ అరగ్లాసు నీళ్లతో. ఫిబ్రవరి చివర కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకు దూసేస్తుంది. చూసేవాళ్లకి కోపమనిపిస్తుంది. కానీ మైలవరం వైపు మల్లెతోటలవాళ్లు చేసేదీ అదే. చలికాలం నీళ్లు ఆపి, తోటని ఎండగట్టి, ఆకు రాల్చి, కత్తిరించి, ఆ తర్వాతే ఎరువూ తడీ ఇస్తారు. అప్పుడు గానీ వేసవికి విరగబూయదు. రైతు కష్టపడి తెప్పించే ఆ కరువుని మిన్నెసోటా చలి ఊరికే తెచ్చిస్తుంది. దాన్ని పాడుచెయ్యకుండా ఉండడమే పిన్ని చేసే పని. జూన్‌లో నాలుగు మూరలకి సరిపడా పూలు కోసిందట.

అన్నీ గెలుపులే కావు. కొబ్బరి మొక్క రెండు చలికాలాలు తట్టుకుని మూడోదానికి పోయింది. మెక్సికో మామిడి టెంక ఒకటి నాటితే నడుమెత్తు పెరిగింది, ఏటా ఆకు కొసలు మాడ్చుకుని చివరికి నిలవలేదు. తమలపాకు ఒకటే ఏడాది. పైగా ఆవిడకో లోపముంది. ఎవరు అడిగినా కాదనలేక పిలకలు ఇచ్చేస్తుంది, వాళ్లు రోజూ నీళ్లు పోసి చంపుకుంటారు, మళ్లీ వస్తారు. నీళ్లు ఆపడం నేర్పిస్తే వినేవాళ్లు తక్కువ. పొయ్యడంలో ఒక తృప్తి ఉంది, చూస్తూ ఊరుకోవడంలో అది లేదు.

ఆ ఊరుకోవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మొక్క చచ్చాకా, పుస్తకాలు చదివా అని. పిన్ని కాసేపు ఆలోచించింది.

"మీ తాతయ్య దసరా దాటాక మామిడితోటకి నీళ్లు కట్టేవాడు కాదు, గుర్తుందా? బావిలో నీళ్లుండేవి. చెట్లు వాడినట్టు కనపడేవి. నేను కట్టమని ఏడిస్తే, ఇప్పుడు తడి ఇస్తే చిగురేస్తుందమ్మా, పూత రాదు, పిందె పడ్డాక కడదాం అనేవాడు. కిందవైపు పొలంలో రాత్రనక పగలనక కాలవ దగ్గర కాపలా ఉండి నీళ్లు పెట్టేదీ ఆయనే. ఒక మనిషే, రెండు రకాలుగా ఉండేవాడు. నేను ఇక్కడికొచ్చి కిందవైపు పొలమే గుర్తుపెట్టుకున్నాను. తోట గుర్తు రావడానికి ఒక చెట్టు పోవలసి వచ్చింది."

బయల్దేరే ముందు రోజు ఆవిడ నోటు పుస్తకాలు చూపించింది. పదహారేళ్లవి, ఏడాదికొకటి. ఒక్కో మొక్కకి ఒక్కో పేజీ, నెలల వారీగా గళ్లు గీసి ఉన్నాయి. ఎప్పుడు బయట పెట్టిందీ, ఎప్పుడు లోపలికి తెచ్చిందీ, ఏ పురుగు కనిపించిందీ, ఎన్ని రెబ్బలు కోసిందీ. మే, జూన్ గళ్లలో రాత కిక్కిరిసి ఉంది. నేను కరివేపాకు పేజీలో పోయిన చలికాలం చూశాను. జనవరి నుంచి దాదాపు ప్రతి తేదీ కిందా ఒకటే మాట: పొయ్యలేదు. పొయ్యలేదు. పొయ్యలేదు. మధ్యమధ్య ఒక గ్లాసు, మంచు నీళ్లు. మళ్లీ పొయ్యలేదు. చెయ్యని పనికి అంత వివరంగా లెక్క రాసిన పుస్తకం నేనెక్కడా చూడలేదు.

ఫిబ్రవరి చివరి గడిలో మాత్రం రాత మారింది. తేదీ పక్కన చిన్న అక్షరాలతో, "కుండీ తేలిగ్గా ఉంది. మూడో కణుపు దగ్గర ఎర్రగా ఏదో" అని ఉంది.